యుల్‌సా కనుమలో చేతులెత్తిన స్వామి

హిమాలయాలకు ఆవలి పక్కన, కాలినడకన ఇరవై నాలుగు రోజులు సాగే ఛురిక్ మఠయాత్రలో పదహారో రోజున వచ్చేది యుల్‌సా కనుమ. అక్కడికి చేరేసరికి నాలుగు కనుమలు దాటి, ఆరు లోయలు ఎక్కి దిగి ఉంటాము. పెదవులు పగిలి, ముక్కు మీద తోలు ఊడి, మనిషి సగమై ఉంటాడు. కనుమ దాటి కొంచెం దిగగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమది తక్‌మార్ అనే బౌద్ధ గ్రామానికి దిగుతుంది. కుడిది చూడటానికి అంతకంటే విశాలంగా, చదునుగా ఉంటుంది కానీ, మంచుగడ్డల లోయలోకి పోయి అక్కడ ఆగిపోతుంది. ఈ రెండు దారుల నడుమ మనిషెత్తు నల్లరాయి ఒకటి, రెండు చేతులూ పైకెత్తి నిలబడినట్టు ఉంటుంది. దాని నిండా తెల్లని పట్టు కండువాలు, కాళ్ళ దగ్గర మోకాలెత్తు గులకరాళ్ళు.

అక్కడివారు దీనిని పల్జోర్ అచోలే అంటారు. అచో అంటే అన్న, లే అంటే మన 'గారు'. మన తెలుగు యాత్రికులు చేతులెత్తిన స్వామి అంటారు. ఆయన దేవుడు కాడు బాబూ అని తక్‌మార్ గొంపాలో, అంటే అక్కడి బౌద్ధ మఠంలో, ఉండే లామాగారు నవ్వుతూ చెబుతూనే ఉంటారు. మనవాళ్ళు వింటే కదా! ఒకాయన అంత దూరం కొబ్బరికాయ మోసుకువచ్చాడు. చలికి లోపల నీళ్ళు గడ్డకట్టి, ఎన్ని దెబ్బలు వేసినా అది పగలనేలేదు.

ఈ చిన్న పుస్తకం రాసిన నేను తునిలో ఇత్తడి సామాన్ల వ్యాపారిని. ఇప్పటికి పదకొండు సార్లు ఈ యాత్రకు జనాన్ని తీసుకువెళ్ళాను. మొదటి పదిసార్లూ మా ఆవిడ భ్రమరాంబ కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, వడియాలు మూటలు కట్టి, స్టేషను దాకా వచ్చి సాగనంపేది. స్థల పురాణం రాసిపెట్టమని అడిగినవారు చాలామంది. లామాగారు చెప్పినదే రాస్తున్నాను. ఇందులో ఎవరి కలలోకీ ఎవరూ రాలేదు, ఏ ఆవూ పుట్ట మీద పాలు కార్చలేదు. అలాంటివి కావలసినవారు వేరే పుస్తకం చూసుకోవచ్చు.

పూర్వం ఇక్కడ ఈ రాయి లేదు. దక్షిణపు లోయలో నెమోలింగ్ అనే ఊరిలో పల్జోర్ అనే దారిచూపరి ఉండేవాడు. వేసవి రాగానే ఛురిక్ మఠానికి పోయే యాత్రికులందరూ ఆయన గుమ్మం ముందు దిగేవారు. ఏ వాగు ఏ పూట పొంగుతుందో, ఏ మబ్బు మంచు తెస్తుందో ఆయనకు కొట్టిన పిండి. ఎప్పుడూ అందరికంటే ముందు నడిచేవాడు. వెనకబడినవారిని నోటికి వచ్చినట్టు తిట్టేవాడు. తిట్టినా జనం పడేవారు, ఎందుకంటే ఆయన తప్ప వేరే దిక్కు లేదు.

అదే ఊరిలో స్కర్మా అని ఒకడు ఉండేవాడు. వాడి తల్లిదండ్రులు చిన్నప్పుడే మంచుపెళ్ళల కింద పోయారు. ఇంటికొక ముద్ద తిని, ఊరి జడలబర్రెలు కాచి పెద్దవాడై, ముప్పై ఏళ్ళ వయసులో వాడూ దారి చూపడం మొదలుపెట్టాడు. స్కర్మా ముందు నడవడు. గుంపులో ఆఖరి మనిషి వెనకాల నడుస్తాడు. ఆయాసం వచ్చినవాళ్ళ మూట తన భుజాన వేసుకుంటాడు. రెండు వేసవులు తిరిగేసరికి జనం పల్జోర్ గుమ్మం దాటి స్కర్మా గుడిసెకు పోవడం మొదలుపెట్టారు.

పల్జోర్‌కు కడుపు మండిపోయింది. ఉత్తుత్తి మంట కాదు. దారిలో ఒక ఇల్లాలు స్కర్మా గిన్నెలో మూడుసార్లు టీ పోసి తనకు రెండుసార్లే పోస్తే, ఆ మూడో గిన్నె ఆయన కళ్ళ ముందు పది రోజులు ఆడింది. మఠంలో పెద్ద లామా తనకు కండువా చేతికిచ్చి, స్కర్మాకు మాత్రం మెడలో వేస్తే, ఆ పూట అన్నం సయించలేదు. వాడు నవ్వితే ఏడుపు, వాడు తుమ్మితే ఏడుపు. ఇంతా చేసి స్కర్మా ఎదురుపడినప్పుడల్లా వంగి "అచోలే" అనేవాడు. అది పుండు మీద కారం చల్లినట్టు ఉండేది.

పల్జోర్ తల్లి పేరు దిస్కిత్. డెబ్బై దాటిన మనిషి. కన్ను మూసేలోగా ఛురిక్ మఠంలోని బుద్ధుణ్ణి ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. మూడు వేసవులు వరసగా కొడుకును అడిగింది. నీ నడకతో నా గుంపు ఆలస్యమైతే ఉన్న నలుగురూ ఆ స్కర్మా వైపు పోతారు, వచ్చే ఏడు చూద్దాం అని మూడు వేసవులూ ఒకటే సమాధానం. నాలుగో వేసవిలో ఆమె అడగలేదు. పల్జోర్‌కు ఆ సంగతి తోచనేలేదు. ఆయన మనసంతా స్కర్మా వెంట ఎంతమంది బయలుదేరుతున్నారన్న దాని మీదే ఉంది. తన వెంట ముగ్గురు వచ్చారు, వాడి వెంట పద్నాలుగు మంది అని వినగానే ఒకరోజు ముందే బయలుదేరిపోయాడు.

పదహారో రోజున తన ముగ్గురితో ఈ చీలిక దగ్గరకు వచ్చాడు. అప్పట్లో ఎడమ దారి వెంట ఏడు చోట్ల గుర్తురాళ్ళు పేర్చి ఉండేవి. ఈ దారి తెలియనివాడికి ఆ గుర్తులే దిక్కు, తెలిసినవాడైనా మబ్బు కమ్మితే వాటినే నమ్ముతాడు. పల్జోర్ తనవాళ్ళను ముందు దిగమని పంపి, వెనక్కి వచ్చి, మొదటి మూడు గుర్తులూ పడదోసి, ఆ రాళ్ళే మోసుకుపోయి కుడి దారిలో పేర్చాడు. చంపాలని కాదు. పద్నాలుగు మందిని మంచుగడ్డల దాకా తిప్పి వెనక్కి తెస్తే స్కర్మా పరువు పోతుంది, వాడికి దారి రాదని అందరికీ తెలుస్తుంది. ఆయనకు అంతే కావాలి. చేతులు దులుపుకుని తక్‌మార్‌కు దిగిపోయాడు.

మరునాడు పొద్దెక్కాక ఉప్పు వర్తకుడొకడు గుర్రం మీద తక్‌మార్‌కు వచ్చాడు. ఆ దారిలోనే పుట్టి పెరిగినవాడు కనుక వాడికి గుర్తులతో పని లేదు. స్కర్మా గుంపును కనుమకు ఆవల దాటి వచ్చానని చెబుతూ పల్జోర్‌తో ఇలా అన్నాడు.

"మీ అమ్మగారు కూడా వస్తున్నారు. ఎక్కుడు వచ్చినచోటల్లా స్కర్మా వీపు మీద మోస్తున్నాడు. మా అబ్బాయి ముందు వెళ్ళాడు, నేను చేరేసరికి టీ కాచి ఉంచుతాడు అని దారి పొడుగునా అందరికీ చెబుతున్నారు."

పల్జోర్ పైకి చూశాడు. అప్పటికే కనుమ మీద మబ్బు దిగింది. పరుగెత్తాడు. సగం పూట ఎక్కవలసిన దారిని ఊపిరి తిప్పుకోకుండా ఎక్కాడు. చీలిక దగ్గరకు చేరేసరికి మంచు ముసురులా పడుతోంది, పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. వాళ్ళు ఇంకా రాలేదా, కుడి దారిన పోయారా, ఎంత దూరం పోయారు? వెతకబోతే ఈలోగా వాళ్ళు ఇటు వస్తే చూసేవారెవరు? గుర్తులు తిరిగి పేర్చుదామంటే పడ్డ రాయి పడ్డట్టే మంచులో మునుగుతోంది. అప్పుడు రెండు దారుల నడుమ నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, గొంతు చిరిగేలా అరిచాడు.

"స్కర్మా, అది దారి కాదు! ఆ రాళ్ళు నేనే మార్చాను. నీ మీద ఏడుపుతో మార్చాను. వెనక్కి రా!"

కుడి లోయలో చాలా దూరం పోయిన స్కర్మాకు ఆ గొంతు అందింది. గుంపును వెనక్కి తిప్పాడు. తెల్లటి మంచులో పైకెత్తిన రెండు చేతులు గుర్తుగా ఒక్కొక్కరే వచ్చి ఆ చేతుల కింద నుంచి ఎడమ దారిలోకి దిగారు. స్కర్మా వీపు మీద ఉన్న దిస్కిత్ అమ్మ కొడుకు దగ్గరకు రాగానే చెంప నిమిరింది. ఆమె అంతా విన్నది. అయినా ఒక్క నిష్ఠూరం ఆడలేదు. చలి కొడుతోంది, రా నాన్నా అన్నది.

"నువ్వు దిగమ్మా. ఇంకా ఇద్దరు వెనక ఉన్నారు. ఆఖరి మనిషి వచ్చేదాకా ఉంటాను."

ఆయన ఆఖరి మనిషి కోసం ఆగడం జన్మలో అదే మొదలు. ఆ ఇద్దరూ వచ్చారు, దిగారు. పల్జోర్ మాత్రం దిగలేదు. మరునాడు మబ్బు విడిచాక అందరూ ఎక్కి చూస్తే, నిలబడినచోటనే, ఎత్తిన చేతులతోనే రాయి అయి ఉన్నాడు.

చావు అంచు దాకా పోయి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఇంత కుళ్ళుబోతు రాయి మాకెందుకు, లోయలోకి తోసేద్దామని తక్‌మార్ మనుషులతో కలిసి చేతులు వేశారు. స్కర్మా అడ్డం నిలబడ్డాడు. కింద నుంచి ఒక గులకరాయి తీసి, పల్జోర్ పేరు పైకి చెప్పి, ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అచోలే మీద నేనెంత ఏడ్చేవాణ్ణో మీకెవరికీ తెలియదు" అన్నాడు. "ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే 'వచ్చావా నాన్నా' అనే మనిషి ఒకరు ఉండేవారు. నాకెవరున్నారు? అమ్మను పుణ్యం కోసం మోయలేదు నేను. ఈ పదహారు రోజులూ నా తల్లే అనుకోవచ్చని మోశాను."

వేసిన చేతులు తీసేశారు. దిస్కిత్ అమ్మ అక్కడే మూడు రాళ్ళు పెట్టించి, వెన్న, ఉప్పు వేసి టీ కాచి, కొడుకు కాళ్ళ దగ్గర మొదటి గిన్నె పోసింది. రెండోది స్కర్మాకు ఇచ్చింది. ఆ తరువాత ఎనిమిది రోజులకు వాడి వీపు మీదనే ఛురిక్ చేరి బుద్ధుణ్ణి చూసింది. ఆపైన బతికినన్నాళ్ళూ స్కర్మా యాత్ర నుంచి తిరిగి వస్తే ఆమె గుమ్మంలోనే ఉండి, వచ్చావా నాన్నా అనేదట.

నాటి నుంచి నేటి దాకా యుల్‌సా కనుమలో ఆచారం ఇదే. ముందు చేరినవారు చీలిక దగ్గర ఆగాలి. ఆఖరి మనిషి వచ్చేదాకా ఎవరూ దిగరాదు. కాళ్ళ దగ్గర టీ పోయాలి. ముందురోజు వాగులో ఏరుకున్న గులకరాయి ఒకటి పెట్టాలి. అది మన పేరు మీద కాదు, ఎవరి మీద మనకు ఏడుపు ఉందో వారి పేరు మీద, అందరికీ వినబడేలా చెప్పి పెట్టాలి. ఇక్కడ కోరికలు కోరరాదు. నాకెవరి మీదా అసూయ లేదనేవారికి లామాగారు ఇంకొంచెంసేపు కూర్చోమని చెబుతారు.

పదిసార్లు నేను ఒకే పేరు చెప్పాను. సామర్లకోట నుంచి యాత్రలు నడిపే విస్సంరాజుగారిది. ఆయన జనంలో ఒక్కరికీ జలుబైనా చేయదు, నా జనంలో సగంమంది మంచాన పడతారు. ఏం చేయను, మనిషిని.

కిందటి ఏడు ఒక సీటు ఖాళీ పడి, మా ఆవిడ మొదటిసారి వచ్చింది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. పదహారు రోజులూ నోరు మెదపకుండా, అందరికంటే వెనక నడిచింది. ఆమె వచ్చేదాకా చీలిక దగ్గర ఆగలేక రెండుసార్లు గడియారం చూసుకున్నాను. వచ్చింది. చెంగున కట్టుకున్న గులకరాయి విప్పి, చేతులెత్తిన స్వామి కాళ్ళ దగ్గర పెట్టి, పేరు చెప్పింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె నోట నా పేరు నేను వినడం అదే మొదలు. జనం తలలు దించుకున్నారు. నేను ఆమె వంక చూశాను.

"మీరు ఇన్నిసార్లు చూశారు కదండీ" అన్నది. "నేను అడిగినప్పుడల్లా వచ్చే ఏడు అన్నారు."

ఆ రోజు నా చేతిలోని రాయి విస్సంరాజుగారికి పెట్టలేకపోయాను. అది ఇంటికి తెచ్చుకున్నాను, కొట్లో గల్లాపెట్టె పక్కన ఉంది.

ఈ స్థల మహిమను చదివినవారికి, విన్నవారికి మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని నేను చెప్పను. యాత్రకు పేర్లు ఇవ్వదలచినవారు ముందు తమ ఇంట్లో 'వచ్చే ఏడు' అని ఎవరికి చెప్పారో వారి పేరు రాసి, దాని కింద తమ పేరు రాయాలి. ఈ ఏడు మా పట్టికలో మొదటి పేరు భ్రమరాంబ. ఆఖరున నడిచేవాడి పేరు నాది.