ఎడమవైపు సగం

ప్రభుదాస్ సార్ నా రికార్డు మీద సంతకం పెట్టలేదు. ముప్పై ఆరు కాగితాలు రాశాను. క్లాసులో ఇంకెవరూ పది దాటలేదు.

నా మేజర్ ఎకనామిక్స్. సైకాలజీ మైనర్. మా యూనివర్సిటీలో మైనర్ సబ్జెక్టు ఎంత లోకువో తెలియాలంటే క్లాసు జరిగే గది చూస్తే చాలు. పాత ఆన్సర్ బుక్‌లెట్ల కట్టల మధ్య పద్నాలుగు కుర్చీలు. ఒకప్పుడది విద్యార్థుల కౌన్సెలింగ్ గది. తలుపు మీద ఆ బోర్డు ఇంకా ఉంది. ఎనిమిది వేల మంది గోడు వినాల్సిన గదిని చిత్తు కాగితాలకిచ్చేశారు. అలాంటి చోట మనసు గురించి పాఠాలు చెబుతారు!

ఆ కోపంతోనే మైనర్ తీసుకున్నాను. "దుఃఖం మనిషిది కాదు, వ్యవస్థది" అని నోట్సు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. కింద ఇంకొకటి, "మందు కాదు, విముక్తి కావాలి."

ప్రాక్టికల్స్‌లో ఒక మనిషి చెప్పేది అరగంట విని రాయాలి. అందుకు సార్‌కి ఒక పద్ధతుంది. కాగితాన్ని నిలువుగా మధ్యకి మడవాలి. ఎడమవైపు ఆ మనిషి అన్నది అన్నట్టు. కుడివైపు మనకి తోచింది. ఒకటి రెండోదానిలోకి రాకూడదు.

నేను బాలమణి దగ్గర కూర్చుని రాశాను. బాలమణి నా రూమ్మేట్, ఎకనామిక్స్‌లో క్లాస్‌మేట్ కూడా. నారాయణపేట దగ్గర పల్లె. వాళ్లింట్లో ఇంత దూరం చదువుకోడానికి వచ్చింది తనే మొదలు.

మూడు వారాల కింద ఎకనామిక్స్ క్లాసులో సెమినార్ చెబుతూ ఇంగ్లిషులో ఒకచోట ఆగిపోయింది. కాసేపు నిలబడి, "సార్, తెలుగుల చెప్పొచ్చా?" అని అడిగింది.

"తెలుగులో అయినా వస్తుందా?" అని నవ్వాడు లెక్చరర్. క్లాసంతా నవ్వింది.

ఆ రోజు నుంచి తను క్లాసుకి రావడం లేదు. పిలిస్తే తప్ప మెస్‌కి రాదు. చదువు మానేసి ఊరికి పోతానంటోంది. తనని ఎలాగైనా ఆపాలి. లెక్చరర్ మీద, యూనివర్సిటీ మీద పిటిషన్ రాశాను. దానికి ఈ రికార్డు జత చేస్తే వాళ్లు నోరెత్తలేరు. సార్ సంతకం ఒక్కటే తక్కువ.

శనివారం మధ్యాహ్నం ఆ గదికి వెళ్లాను.

"ఎందుకు పెట్టలేదు సార్?"

"కూర్చోమ్మా సంహితా."

"కూర్చోను సార్. కూర్చో, కూర్చో అంటూనే ఈ దేశంలో అందరినీ కూలబెట్టారు."

"సరే, నిలబడు. ఆ కట్టకి మాత్రం ఆనుకోకు, చెదలున్నాయి."

ముందు పిటిషన్ ఇమ్మని చెయ్యి చాపారు. కళ్లజోడు తుడుచుకుని మొత్తం చదివారు. ఒకచోట మళ్లీ వెనక్కి వెళ్లి చదివారు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, తిరిగిచ్చారు.

వాదించడానికి దారంతా మాటలు కూడగట్టుకొచ్చాను. అవన్నీ అలాగే ఉండిపోయాయి.

"మరి రికార్డు?"

"దీన్ని జత చేస్తానని ఆ అమ్మాయికి చెప్పావా?"

"చెప్పక్కర్లేదు సార్. ఇది తన ఒక్కదాని సమస్య కాదు."

సార్ రికార్డు తెరిచారు. రెండో కాగితం నుంచి ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయారు. అన్నిట్లోనూ కుడివైపు నా అక్షరాలు అంచులదాకా కిక్కిరిసి ఉన్నాయి. ఎడమవైపు తెల్లగా ఉంది. ఆ ముప్పై అయిదూ తీసి సొరుగులో పెట్టారు.

మొదటి కాగితాన్ని మడత మీద మళ్లీ మడిచి, గోటితో గీసి, స్కేలు ఆనించి నిలువునా చింపారు.

"సార్! వారం రోజులు కూర్చుని రాశాను!"

కుడివైపు సగం కూడా సొరుగులోకి వెళ్లింది. ఎడమవైపు సగం నా చేతిలో పెట్టారు.

"పైకి చదువు."

"నేను రాసిందే కదా సార్."

"చదవమ్మా."

కోపంగా, గట్టిగా చదివాను.

"ఏం లేదు. సార్ నవ్విండు. ఆయన గంతే. అందరు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవ్."

అక్కడ ఆగిపోయాను.

ఆ వాక్యానికి ఎదురుగా కుడివైపు ఏం రాశానో నాకు కంఠతా వచ్చు. బలవంతుణ్ణి ఏమీ అనలేని మనిషి ఆ కోపాన్ని దగ్గరివాళ్ల మీదికి మళ్లిస్తుంది. సైకాలజీలో దానికో పేరుంది. ఆ పేరు రాసి కింద రెండు గీతలు గీశాను. దొరికిందని సంబరపడ్డాను కూడా.

ఇప్పుడు ఆ వాక్యం పక్కన చింపిన అంచు తప్ప ఏమీ లేదు.

ఆ రోజు నేను మొదటి బెంచీలో కూర్చున్నాను. నవ్వాను. పళ్లు కనిపించకుండా, కొంచెమే. నవ్వాను.

"ఇంకో లైనుంది," అన్నారు సార్.

అదీ చదివాను. "శనివారం రెండు గంటల బస్సుకు పోత."

సార్ గోడ గడియారం చూశారు. ఒంటిగంటా పది.

"నేనేం చెప్పాలి సార్ తనకి?"

సార్ బల్ల మీద కొంచెం చోటు ఖాళీ చేశారు.

"పెన్ను ఇక్కడ పెట్టి వెళ్లు."

పెట్టి పరుగెత్తాను.

బాలమణి మంచం మీద బ్యాగు పెట్టుకుని జిప్పు లాగుతోంది. నన్ను చూసి ఆగలేదు.

"ఏంది, మళ్ల రాసుకునేతందుకు వచ్చినవా?"

ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడ్డాను. ఎన్ని నినాదాలు నేర్చుకున్నానో. ఒక్కటీ పనికి రాలేదు.

"నవ్వాను మణీ," అన్నాను.

జిప్పు సగంలో ఆగింది. తను బ్యాగుని కొంచెం పక్కకి జరిపింది. ఆ చోట కూర్చున్నాను.

"నాకు మొత్తం వస్తుండె," అంది. "తెలుగుల చెప్తుంటి. సార్ గట్ల అన్నప్పుడు నీ దిక్కే చూసిన."

నేను విన్నాను. తను చెప్పుకుంటూ పోయింది. రెండు గంటలప్పుడు కూడా ఇంకా చెబుతూనే ఉంది.