ముత్యాలు జడలో గట్టి పేలు

అనగనగా సముద్రం పక్కన, ఉప్పు మడుల ఊళ్ళో, ముత్యాలు అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది. జడ మాత్రం మోకాళ్ళ దాకా. ఆ జడ నిండా పేలు.

ముత్యాలు బడిలో గోక్కునేది. అన్నం తింటూ గోక్కునేది. నిద్రలో కూడా గోక్కునేది. వాళ్ళ నాయన గురవయ్య ఉప్పు మడుల్లో పని చేసి అలిసిపోయి వచ్చేవాడు. పక్కనే పిల్ల బరబరా గోక్కుంటుంటే ఆయనకి కన్ను మూతపడేది కాదు.

ఒకరోజు ఆయన అన్నాడు, "శ్రావణంలో అక్క పెళ్ళి. ఆలోగా ఈ పేలు పోకపోతే గుండు కొట్టిస్తాను."

ముత్యాలు రెండు చేతులతో జడ పట్టుకుని వాళ్ళ అవ్వ దగ్గరికి పరిగెత్తింది.

అప్పుడు అవ్వ పిల్లని ఎండలో కూర్చోబెట్టి పేలు చూసింది. అవ్వకి చూపు కాస్త మందం. నల్లటి జుట్టులో తెల్లగా కనబడ్డవాటిని పట్టి, గోళ్ళ మధ్య టప్పు టప్పున నొక్కేసింది. నల్లగా ఉన్నవి జుట్టులో కలిసిపోయి ఆమె చేతికి దొరకలేదు. నెల తిరిగేసరికి వాటికి పిల్లలు పుట్టాయి. అవీ నల్లవే.

ఆ తర్వాత అమ్మ వేపనూనె పట్టించింది. ఇల్లంతా ఒకటే వాసన. వారం రోజులు పిల్లి కూడా గడప తొక్కలేదు. పేలు చాలా మటుకు చచ్చాయి. ఏడెనిమిదింటికి మాత్రం ఎందుకో ఆ నూనె ఏమీ చెయ్యలేదు. వాటికీ పిల్లలు పుట్టాయి. ఆ పిల్లల్నీ నూనె ఏమీ చెయ్యలేదు.

ఆ తర్వాత అక్క రాములు సంతలో పేల దువ్వెన కొనుక్కొచ్చి, చెల్లెల్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని దువ్వింది. లావుపాటివి జలజలా రాలాయి. సన్నవి మాత్రం కొక్కేల్లాంటి కాళ్ళతో వెంట్రుకల్ని పట్టుకుని, దువ్వెన పళ్ళ సందుల్లోంచి తప్పించుకున్నాయి. వాటికి పుట్టినవన్నీ సన్నవే.

ఇంకేముంది. నలుపు, సన్నం, పైగా వేపనూనెకి బెదరవు. అంత చక్కటి పేలు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేవు.

పెళ్ళి ఇక పదిహేను రోజులుందనగా గురవయ్య మంగలి మస్తానయ్యని పిలుచుకొచ్చాడు. మస్తానయ్య కత్తి నూరుతుంటే ముత్యాలు ఏడుపు ఆపుకుని అడిగింది.

"మామా, ఇంత చేసినా ఇవి ఎందుకు చావలేదు?"

మస్తానయ్య కత్తి పక్కన పెట్టాడు. జడ పాయలు విడదీసి చాలాసేపు చూశాడు. ఏమేం చేశారో ఒక్కొక్కరినీ అడిగాడు.

"అమ్మా, మీరు పేల్ని చంపలేదు. ఏరి ఏరి గట్టివాటిని పెంచారు. అవ్వ నల్లవాటిని వదిలింది. నూనె మొండివాటిని వదిలింది. దువ్వెన సన్నవాటిని వదిలింది. తట్టుకున్నవే మిగిలి పిల్లల్ని పెట్టాయి," అన్నాడు.

"మరి గుండేనా?" అంది ముత్యాలు.

"ఒక వారం ఆగు బిడ్డా. నూనె, దువ్వెన, ఏరడం అన్నీ ఇవాళ ఒకే రోజు చేద్దాం. ఈపులు, అంటే పేల గుడ్లు, పగిలాక ఎనిమిదో రోజున మళ్ళీ చేద్దాం. ఇంట్లో అందరి తలలూ చూడాలి. లేకపోతే ఒక తలలోవి ఇంకో తలలోకి వస్తాయి."

మస్తానయ్య తన కొమ్ము దువ్వెన తెచ్చాడు. దాని పళ్ళ మధ్య దారం కూడా దూరదు. ఒళ్ళో తెల్లటి పంచె పరిచాడు. జుట్టు జిడ్డోడేలా నూనె రాస్తే పేలు కదల్లేక మందగించాయి. దువ్వితే పంచె మీద నల్లగా రాలాయి. తెల్ల పంచె మీద నల్లవి ఎక్కడ దాక్కుంటాయి? అవ్వకి కూడా కనబడ్డాయి.

అవ్వ తల చూశారు. అమ్మ తల, అక్క తల చూశారు. తలా నాలుగు దొరికాయి. చివరికి గురవయ్య తలపాగా తీశాడు.

ఒత్తుగా గిరజాలు. మస్తానయ్య వేళ్ళు పెట్టి చూసి, గురవయ్య మొహం చూసి, మళ్ళీ గిరజాలు చూశాడు.

"పేల ఊరంతా ఇక్కడే ఉంది బావా. ఈ గిరజాల్లో నా దువ్వెన నడవదు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక అవ్వ మాత్రం దొడ్లోకి వెళ్ళిపోయింది. గురవయ్య కాసేపు కూతురి వైపు చూశాడు. తర్వాత తనే పీట వాల్చుకుని, తల వంచి కూర్చున్నాడు.

ఎనిమిదో రోజున మళ్ళీ దువ్వారు. పంచె తెల్లగానే ఉంది. ఆ రాత్రి ముత్యాలు గోక్కోలేదు, గురవయ్య గుర్రుపెట్టి నిద్రపోయాడు.

పెళ్ళిలో ముత్యాలు జడ నిండా కనకాంబరాలు. పక్కన నున్నటి గుండుతో వాళ్ళ నాయన. మగపెళ్ళివారి పెద్దాయన దణ్ణం పెట్టి, "ఏ దేవుడి మొక్కు బావగారూ?" అని అడిగాడు.

గురవయ్య గుండు నిమురుకున్నాడు. "మా చిన్నదాని మొక్కండీ. ఆలస్యంగా తీర్చుకున్నాను," అన్నాడు.

కథ కదిలింది కంచికి,
దువ్వెన చేరింది గూటికి,
నువ్వు చేరు మంచానికి,
నిద్ర వచ్చింది కంటికి.