పదకొండో వరుస

ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్మాచార్యులుగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని "పద" అనేవారు. ఆ రోజు శిష్యుడు నీలాద్రి అడిగింది ఇది: "గురువుగారూ, భక్తితో కాపాడుకున్నది ఎప్పటికైనా పోతుందా?"

ఇద్దరూ కనుమదారిలో ఉన్న వీరుల రాయి దగ్గరికి వెళ్ళారు. ముందు ఆ రాయి సంగతి చెప్పాలి. వెనకటికి తెల్లదొరల పటాలం కొండెక్కి వస్తుంటే అక్కడ అడ్డు నిలబడి పదకొండుమంది చచ్చిపోయారు. వాళ్ళ పేర్లు వరుసకొకటిగా ఆ రాతిమీద చెక్కారు. ఏటా వాళ్ళు పోయిన రోజున, ఏ ఇంటి పెద్ద పేరును ఆ ఇంటి కోడలు చింతపండూ ఇటుకపొడీ వేసి తోమడం ఊరి ఆచారం. ఇప్పుడా రాయి బీటలిచ్చింది. కొత్త రాయి నిలబెడుతూ, పాత అక్షరాలు చదివిపెట్టమని ఆచార్యులుగారిని పిలిచారు.

ఆయన నాచు గీకించి పది పేర్లు చదివారు. పదకొండో వరుస మీద నాచు లేదు, అక్షరమూ లేదు. అద్దంలా నున్నగా ఉంది. అది దాలమ్మ ఇంటివాళ్ళది. మిగతా ఇళ్ళవాళ్ళు తోమడం ఎప్పుడో మానేశారు. దాలమ్మ ఒక్కతే, ఏడాదికోసారి చాలదని వారం వారం తోమేది.

"పేరు చెప్పమ్మా, ఈ రాతిపనివాడు చెక్కుతాడు" అన్నారు ఆచార్యులుగారు అక్కడే ఉన్న దాలమ్మతో.

"నాకేటి తెలుసు బావూ? మా మావగారి తాత. పెద్దోల పేరు కోడళ్ళం నోటితో అంటామా? మాయత్త యేలెట్టి సూపించింది. నాను తోముకున్నాను."

"నీ పెనిమిటైనా చెప్పలేదా?" అన్నాడు రాతిపనివాడు.

"ఆ మారాజు బతికినన్నాళ్ళూ తాత అనే అన్నాడు. ఇంక మా ఇంట అడగడానికి ఎవరున్నారు?"

చెరిపేసిన పలకమీద అక్షరం కోసం పిల్లలు తడుముకున్నట్టు, ఆమె ఆ వరుస మీద బొటనవేలు అటూ ఇటూ నడిపింది. ఒక్క గీత కూడా తగల్లేదు.

"పోనీ, పదిమందితో సరిపెట్టనా?" అన్నాడు పనివాడు.

"వద్దు బావూ. ఆ సోటు అలాగే ఒగ్గీ. ఒట్టి రాయైనా తోముకుంటాను."

తిరిగివస్తూ నీలాద్రి, "ఆవిడ చేసిన తప్పేమిటి గురువుగారూ?" అన్నాడు.

ఆచార్యులుగారు చెప్పులో దూరిన రాయి దులుపుకున్నారు.

"పదో పేరు చూశావుగా? ముప్పై ఏళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. ఒక్క అక్షరం పోలేదు."