గున్నమ్మ పాట

ఢిల్లీశ్వరి గీసుకొచ్చిన బొమ్మల్ని మూడోసారి కూడా తిప్పి పంపారు.

విశాఖలో వీడియో తీయడం నేర్పే చిన్న కాలేజీ అది. ఆమెకది ఆఖరి ఏడు. ఏదో ఒక పాట ఎంచుకుని దానికి తగ్గ వీడియో తీయాలి. తీసేముందు బొమ్మలు కాగితం మీద గీసి క్లాసులో అందరినీ ఒప్పించాలి. అందరూ సినిమా వాళ్లను పాడమని బతిమాలుతుంటే ఢిల్లీశ్వరి మాత్రం అమ్మ పాట తీస్తానంది.

అమ్మ పేరు గున్నమ్మ. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. పొలం గట్టున బిడ్డను పడుకోబెట్టి నాట్లు వేసే తల్లి పాట ఒకటి ఆవిడ ఎప్పుడూ పాడుతుండేది. దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు ఢిల్లీశ్వరి దాన్ని ఫోన్లో పట్టుకుంది. రెండు నెలలు తిరక్కుండా గున్నమ్మ జ్వరం వచ్చి పోయింది. ఆ గొంతు ఇప్పుడు ఆ ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మొదటిసారి సముద్రం ఒడ్డున ఎర్రచీరలో నాట్యం చేసే అమ్మాయిని గీసింది. "బాగుంది గానీ, పాటలో ఉన్న మనిషి బొమ్మల్లో లేదు" అన్నారు తోటివాళ్లు. రెండోసారి నీళ్ల మీద వంద దీపాలు వదిలింది. "దీపాలు చూస్తూ పాట వినడం మర్చిపోయాం" అన్నాడొకడు. మూడోసారి వాన కురిపించింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మీ అమ్మ ఎలా ఉండేదో నీకు గుర్తుందా?" అని మెల్లిగా అడిగింది.

ఢిల్లీశ్వరి కాగితాలు ఫైల్లో కుక్కుకుని తిన్నగా పైడిరాజు మాస్టారి గదికి వెళ్లింది.

ఆయన నలభై ఏళ్లు సినిమాలకు శబ్దం పట్టిన మనిషి. ఇప్పుడు వారానికి మూడు రోజులు వచ్చి పాఠం చెప్తారు. చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ.

"వాళ్లకి అర్థం కావట్లేదు మాస్టారూ. ఇంకా ఏం పెట్టాలో మీరే చెప్పండి" అంటూ ఫైలు బల్ల మీద పెట్టింది.

మాస్టారు ఫైలు ముట్టుకోలేదు. "పాట పెట్టమ్మా" అన్నారు.

పెట్టింది. రెండు చరణాలు. గున్నమ్మ గొంతు ఒక్కటే, కడిగినట్టు వినబడింది.

"ఇంత శుభ్రంగా ఎలా ఉంది?"

"చప్పుళ్లన్నీ తీసేశాను మాస్టారూ."

"తీసెయ్యనిది ఉందా?"

"ఉంది. కానీ అది..."

"అది పెట్టు."

ఢిల్లీశ్వరి చెయ్యి ఫోను మీద కాసేపు ఆగిపోయింది. అమ్మ పోయాక దాన్ని ఒక్కసారే విన్నది, కత్తిరించడానికి. తలొంచుకుని నొక్కింది.

ఠక్కు ఠక్కుమని పిక్కలు కొట్టే చప్పుడు. గున్నమ్మ పని ఆపకుండానే పాడుతోంది. గొంతు పైకి లేచిన చోట చెయ్యి ఆగుతోంది. కిందికి దిగగానే మళ్లీ ఠక్కుమంటోంది. ఎక్కడో కోడి అరిచింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

రెండో చరణం అయిపోయింది. ఢిల్లీశ్వరి కత్తిరించింది ఇక్కడే. ఫోను మాత్రం ఆగలేదు.

"చాల్లేమ్మా, బస్సెళ్లిపోద్ది." అది ఢిల్లీశ్వరి గొంతే.

"ఉండవే బుల్లీ. ఇంకో సరణం ఉంది."

"మళ్లీ వచ్చినప్పుడు పాడుదువులే."

గున్నమ్మ నవ్వింది. "అలాగేలే" అంది. అక్కడితో అయిపోయింది.

ఢిల్లీశ్వరి ఫోను తీసుకోబోయింది. మాస్టారు కళ్లు తెరవకుండానే ఉండమన్నట్టు చెయ్యెత్తారు. ఆ చేతినే బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా వేళ్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. గున్నమ్మ పిక్కలు కొట్టిన తాళమే. ఒక పాదానికి సరిపడా వేసి ఆగారు. ఊపిరి తీసుకునేంత సేపు ఊరుకుని, రెండో పాదం ఎత్తుకున్నారు.

గదిలో పాట లేదు. ఆ వేళ్లు మాత్రం కదులుతున్నాయి. ఎక్కడ గొంతు పైకి లేస్తుందో, ఎక్కడ దిగుతుందో ఢిల్లీశ్వరికి తెలుస్తూనే ఉంది. మాటలే తెలియవు. మిగిలిపోయిన ఆ మూడో చరణంలో ఒక్క మాట కూడా ఆమెకు తెలియదు. అమ్మ పాడుతుంటే ఏనాడూ చివరిదాకా వినలేదు, అడగనూ లేదు.

నాలుగు పాదాలయ్యాక వేళ్లు ఆగాయి. ఢిల్లీశ్వరి చున్నీతో మొహం కప్పుకుంది. మాస్టారు నీళ్లసీసా ఆమె వైపు జరిపి, కిటికీ దగ్గరికెళ్లి అటు తిరిగి నిలబడ్డారు.

మొహం తుడుచుకుని ఆమె అడిగింది. "ఆ మూడో చరణం దగ్గర ఏ బొమ్మ పెట్టను మాస్టారూ?"

"నువ్వు బస్సుకని లేచావు కదా. ఆ తర్వాత ఆవిడేం చేసింది?"

ఢిల్లీశ్వరి గుర్తు తెచ్చుకోబోయింది. పిక్కలు కొడుతూ కూర్చుందా, గుమ్మంలోకి వచ్చి చూసిందా, మిగిలిన చరణం తనలో తను పాడుకుందా?

"తెలీదు మాస్టారూ. నేను వెనక్కి తిరిగి చూళ్లేదు."

మాస్టారు ఇటు తిరిగారు.

"అదే తియ్యమ్మా" అన్నారు.