అక్కల చెలమ

గంగాచారి ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవాడు కాడు. కుంచె కడిగి, చేతులు తుడుచుకుని, "పద, అట్ల పోయొద్దాం" అనేవాడు. శిష్యుడు భూమేశ్‌కు ఆ అలవాటంటే ఒళ్ళుమంట.

ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళ కోసం గుడ్డ మీద పటాలు రాయడం వాళ్ళ పని. ఆ ఏడాది జాతరకు ఏడుగురు అక్కదేవతల పటం కావాలన్నారు. గురువుకు చెయ్యి వణుకుతోంది. మిగిలిన శిష్యుడు భూమేశ్ ఒక్కడే. అతనేమో పట్నంలో బొమ్మల చదువు చదివొచ్చినవాడు, ఎదురుగా మనిషి లేనిదే గీత గీయడు. వాడకట్టు ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి గీశాడు. ముక్కూ మొహం తీరుగానే వచ్చాయి గానీ, దేవతలు ఫొటోకు నిలబడ్డ పెళ్ళివారిలా ఉన్నారు. చెరిపి మళ్ళీ గీసినా అంతే. ఏడుపొచ్చినంత పనైంది.

"లేనోళ్ళను ఎట్ల గీయాలె గురువుగారూ? మీరేమన్న చూసిండ్రా? చెప్పకుంటే రేపటి సంది నేను కుంచె పట్ట" అన్నాడు.

గంగాచారి కుంచె కడిగాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరూ గుట్టెక్కారు. బండల నడుమ ఊటనీళ్ళ చెలమ ఉంది. అక్కదేవతలు జలకాలాడేది అందులోనేనని చుట్టుపక్కల వాళ్ళ నమ్మకం. ఒడ్డున కాస్త పసుపు, నాలుగు ఆకుపచ్చ గాజులు. భూమేశ్ తేరిపార చూసి, "ఎవ్వరు లేరు" అన్నాడు.

అంతలో మేకలు కాసే పోచవ్వ బిందె పట్టుకుని వచ్చింది. నీళ్ళ దాకా పోలేదు. దూరంగానే ఆగి, చేతిగాజులు గలగలలాడించి, మొహం పక్కకు తిప్పుకుంది.

"అక్కల్లారా, నీళ్ళకొచ్చిన. కోకలు కట్టుకోండ్రి తల్లీ, నాకేం తొందర లేదు" అంది.

గాలి ఆగింది. మేకలు సైతం మేత మాని మెడలెత్తాయి. చెలమలో నీళ్ళు కదిలిన చప్పుడు భూమేశ్‌కు వినబడింది. కప్ప దూకిందేమో అన్న ఆలోచనే అతనికి తోచలేదు. చూడాలని ప్రాణం పీకుతోంది, చూపు మాత్రం అటు పోనంటోంది. అంత భయం, అంత సంతోషం ఒక్కసారే కలగడం అతనెన్నడూ ఎరగడు.

"కట్టుకున్నరు" అంది పోచవ్వ, ఏమంత విశేషం కానట్టు. బిందె ముంచుకుని నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

తాను చెలమకు వీపు పెట్టి, తల వంచుకుని నిలబడి ఉన్నానని అప్పుడు గానీ భూమేశ్‌కు తెలియలేదు. పక్కన గురువూ అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎవ్వరు లేరంటివి గద బిడ్డా. మరి ఎవరి కోసం అటు తిరిగినవ్?" అన్నాడు గంగాచారి.

"వాళ్ళ మొహాలు ఎట్లుంటయో నాకిప్పుడు గూడ తెల్వదు గురువుగారూ" అన్నాడు భూమేశ్.

గంగాచారి దిగువకు నడక మొదలుపెడుతూ అన్నాడు:

"ముందుగాల నువ్వు అటు తిరిగి నిలబడ్డది గీయి. తక్కింది వాళ్ళే చూసుకుంటరు."