పైడన్న ఆపిన కత్తి

దగ్గరకు జరగండమ్మా, వెనకున్నవాళ్లూ రండి. రాముడి దయవల్ల మా తాతమ్మ నోట విన్న కథ ఇది.

మా సంస్థానానికి పొగబండి కొత్తగా వచ్చిన రోజులు. బండికి అనుకున్న అసలు దారి వాగు అవతల. అయినా తన మేడకు దగ్గరని, దివాన్ గారు మా మట్టిగోడల వీధి చివరే స్టేషను కట్టిస్తానని అక్కడిదాకా పట్టాలు వేయించారు. "బండి అదురుకు గోడలు కూలతాయి బాబూ" అని జనం మొత్తుకున్నారు.

"ఆకైనా అదరదు, పొండి!" అన్నారాయన.

మొదటి బండిలో తెల్లదొర దిగే రోజున దివాన్ గారు గడ్డం గీయించుకోవడానికి మా వీధి మంగలి పైడన్న అరుగు మీద కూర్చున్నారు. వీధంతా చూస్తోంది. పైడన్న సగం గీశాడు. కత్తి గొంతు కిందికి వచ్చేసరికి దూరంగా కూత వినపడింది.

దివాన్ గారు అతని చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు. "ఆగరా! బండి పోనీ!"

"ఎందుకు బాబయ్యా? ఆకైనా అదరదని తమరే సెలవిచ్చారు. తమ మాట నమ్మి కానిచ్చేస్తాను."

"నేల అదురుతుందిరా వెధవా!"

పైడన్న కత్తి మడిచి దండం పెట్టాడు. "నా చెయ్యంటే ఆగింది. రోజుకు ఆరుసార్లు బండి వస్తే ఈ గోడలు ఎక్కడికి పోయి నిలబడాలి బాబయ్యా?"

దివాన్ గారు సగం గడ్డంతోనే దొరకు ఎదురెళ్లారు. ఆ వారమే స్టేషను కట్టే చోటు వాగు అవతలకు మారింది.

చిన్నప్పుడు తాతమ్మ వేలు పట్టుకుని అక్కడికి కోసెడు దూరం నడిచేవాణ్ణి. కాళ్లు నొప్పులంటే, ఆవిడ మా వీధివైపు తిరిగి చూసి, "గోడలు నిలిచాయిగా నాయనా" అనేది.

పైడన్న కత్తి ఎత్తలేదు, ఆపాడు. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్లి మీ పిల్లలకు చెప్పండి.