నరసమ్మ మాట, నక్క కత్తెర

"మీరు పక్కన లేకుండా మీ గురించి ఒక్క ముక్క కూడా సినిమాలో ఉండదు. ఏది ఉంచాలో, ఏది కొయ్యాలో అందరం కూర్చునే తేల్చుకుందాం."

మాఘమాసంలో వాగు ఒడ్డున నిలబడి, ముందుకాలు గుండెమీద పెట్టుకుని నక్క నాగభూషణం ఇచ్చిన మాట అది. వైశాఖం వెళ్ళేలోపు ఆ మాట వాగులో కలిసిపోయింది.

ఆ వాగు దగ్గర ముగ్గురితో ఒక మేళం ఉండేది. తాబేలు నరసమ్మ తంబుర మీటేది. ఆమెను ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టేది. మాట తెలియక కాదు, లోపల సరిగ్గా కుదిరేదాకా బయటికి వదలదు, అంతే. ముళ్ళపంది గవరయ్య బోలు దుంగమీద దరువు వేసేవాడు. మొదలుపెట్టే ముందు దుంగను ఏడుసార్లు తట్టకపోతే అతని చెయ్యి ఆడదు. చప్పట్లు మోగితే ఒంటిమీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి. గోరువంక సింగారి పాడేది. పాట కాని వేళల్లో ఆమె నోట సొంత మాట తక్కువ. ఎప్పుడో విన్నది విన్నట్టు, ఎవరి గొంతు వాళ్ళదిగా, మధ్యలో వచ్చిన దగ్గుతో సహా పలికేది. మొదటి ముక్క అందిస్తే చాలు, చివరిదాకా అప్పజెప్పందే ఆగేది కాదు.

ముగ్గురి బుర్రలూ అడవిలో అందరి బుర్రలు నడిచే దారిన నడవవు. అందుకని అడవి వాళ్ళకు 'తేడా మేళం' అని పేరు పెట్టింది. గవరయ్య ఆ పేరునే దుంగమీద పంటితో చెక్కుకున్నాడు. "తేడాయే. అయితే ఏంటట?" అనేవాడు అడిగినవాళ్ళతో.

ఏటా తొలకరి జాతరలో మొదటి పాట నెమళ్ళదే. తేడా మేళం అడిగినప్పుడల్లా అడవి పెద్దల సభ ఒకటే మాట చెప్పేది: "జనం ముందు మీరు నిలబడలేరు." ఒక్కసారైనా తొలి చినుకుకి తన తంబుర మోగాలని నరసమ్మ కోరిక. సరిగ్గా అప్పుడే నాగభూషణం కెమెరా మెడలో వేసుకుని దిగాడు.

"మీ మీద డాక్యుమెంటరీ తీద్దాం నరసమ్మత్తా! సభకు పెద్దదైన ఏనుగు మహాలక్ష్మమ్మ చూసిందంటే మొదటి పాట మీదే."

"కెమెరా ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు గవరయ్య.

"అందరం బావా! వంతులవారీగా!"

రెండు వారాలు వంతులు నడిచాయి. గవరయ్య తన దుంగను లోపలినుంచి కెమెరాతో తీశాడు. నరసమ్మ వాగు నీటిమీద ఎండను ఒక పూటంతా కదలకుండా తీసింది. ఆ తర్వాత కెమెరా నక్క మెడ దిగలేదు. సభ తనను జాతర సినిమాకారుడిగా నియమిస్తే బాగుండునని నాగభూషణానికి ఎప్పటినుంచో ఆశ. ఎండను చూస్తే ఎవరు కంటతడి పెడతారు?

ఒక మధ్యాహ్నం నరసమ్మను రాతిమీద కూర్చోబెట్టాడు.

"నీ బతుకంతా బాధేనా, నరసమ్మత్తా?"

నరసమ్మ ఆలోచనలో పడింది. నక్క కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. ఆవలించాడు.

"పోనీలే. దాహమేస్తోందా?"

అది తేలిక ప్రశ్న. నరసమ్మ తల వంచి, "అవును" అంది.

నక్క కెమెరా కట్టేసి, తనలో తనే గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అతను కనుమరుగయ్యాక నరసమ్మ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పింది. వినడానికి కొమ్మమీద సింగారి తప్ప ఎవరూ లేరు.

సినిమా కోతకు నక్క ఎవరినీ పిలవలేదు. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, కొండ గుహలో సభను కూర్చోబెట్టి నాగభూషణం గోడమీద సినిమా వేశాడు. గవరయ్య తీసిన దుంగ లేదు. నరసమ్మ ఎండ లేదు. ఏడు తట్లలో నాలుగో తట్టు దగ్గర గవరయ్య బొమ్మను ఆపేసి, "పాపం, లెక్క కూడా కుదరదు" అని నక్క గొంతు పలికింది. తర్వాత గోడమీద నరసమ్మ ముఖం పెద్దగా కనబడింది.

"నీ బతుకంతా బాధేనా, నరసమ్మత్తా?"

"అవును." తల వంచింది బొమ్మలోని నరసమ్మ.

గుహలోని నరసమ్మ తలెత్తి గోడవైపు చూసింది. గొంతు తనదే. మాట తనదే. అయినా తను అనలేదు.

కుందేళ్ళు ముక్కులు చీదాయి. కోతులు చప్పట్లు కొట్టాయి. గవరయ్య ముళ్ళు లేచాయి.

"చూశారా పెద్దమ్మా, భయంతో ఎలా వణికిపోతున్నాడో!" అన్నాడు నక్క.

"భయం కాదురా, కోపం! మాకు జాలి వద్దు, వాటా కావాలి!" అని అరిచాడు గవరయ్య. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు.

మహాలక్ష్మమ్మ తొండంతో కళ్ళు తుడుచుకుంది. "ఇంత బాధలో ఉన్నవాళ్ళని జాతరకు ఈడ్చుకురావడం పాపం. మొదటి పాట నెమళ్ళే పాడతాయి. వీళ్ళకు పండ్లు పంపిద్దాం. ఏమంటావు నరసమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే లేవబోయింది.

నరసమ్మ లోపల జవాబు ఇంకా సగంలోనే ఉంది. అది పూర్తయ్యేలోపు గుహ ఖాళీ అయిపోతుంది. తన మాట ఇప్పుడు రాదు. కానీ అప్పుడు వచ్చిన మాట ఒకరి దగ్గర భద్రంగా ఉంది. నరసమ్మ ఏనుగు వైపు చూడలేదు. పక్క రాతిమీదున్న సింగారి వైపు మెడ చాచి, మెల్లగా ఆ ప్రశ్ననే అంది.

"నీ బతుకంతా బాధేనా, నరసమ్మత్తా?"

సింగారి కళ్ళు మెరిశాయి. అచ్చంగా నక్క గొంతుతో అందుకుంది. ప్రశ్న అయింది. ఆవలింత అయింది. "పోనీలే. దాహమేస్తోందా?" అయింది. నరసమ్మ గొంతుతో "అవును" అయింది. కెమెరా కట్టేసినప్పటి టక్కుమన్న చప్పుడూ అయింది.

గుహలో చప్పట్లు ఆగిపోయాయి.

"ఈ ముసలిది నోరు తెరిచేలోపు నా బ్యాటరీ చచ్చేట్టుంది," అంటూ సింగారి నక్క గొంతుతోనే గొణిగింది. "కాస్త ఏడుపొచ్చేట్టు కోస్తే చాలు, ఆ ఏనుగమ్మ ఇట్టే కరిగిపోతుంది."

"అబద్ధం! అది పిట్ట! దానికేం తెలుసు?" నక్క ఎగిరిపడ్డాడు.

"దానికి కొయ్యడం తెలియదురా, నీకు తెలుసు!" అన్నాడు గవరయ్య.

సింగారి ఇద్దరినీ పట్టించుకోలేదు. ఆ రోజు నరసమ్మ ఎంతసేపు ఆగిందో అంతసేపూ ఆగింది. తర్వాత నరసమ్మ గొంతుతో అంది: "బతుకంతా బాధ ఎక్కడిది నాయనా? తంబుర చేతికొస్తే నా అంత సుఖపడేది ఈ వాగు దగ్గర లేదు. తొందరపెట్టేవాళ్ళు వచ్చినప్పుడే కాస్త ఇబ్బంది."

ముందు ఒక ముసలి ఎలుగుబంటి నవ్వింది. తర్వాత గుహంతా నవ్వింది. మహాలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు. సిగ్గుతో చెవులు వాల్చి, నరసమ్మ ఎదురుగా చతికిలబడింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. నేనెక్కడికీ పోను."

ఎంతసేపు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆఖరికి నరసమ్మ అంది: "మొదటి పాట మాకివ్వండి పెద్దమ్మా. పండ్లు పాడాక తింటాం."

సభ ఒప్పుకుంది. చప్పట్లు కొట్టకుండా, నచ్చినవాళ్ళు తోకలెత్తి ఊపాలని కూడా తీర్మానించింది. ఆ సందడిలో నాగభూషణం గుహ వెనకదారిన జారుకున్నాడు. సినిమాకారుడి పదవి సంగతి ఎత్తే ధైర్యం లేక, గోడమీది బొమ్మను ఆపడం కూడా మరిచిపోయాడు.

కొయ్యకముందు తీసిన బొమ్మలన్నీ ఇంకా నక్క దగ్గరే ఉన్నాయి. మర్నాడు గవరయ్య ఏడుసార్లు దుంగ తట్టి, తాటాకుమీద ఉత్తరం చెక్కాడు. మాటలు మాత్రం ముగ్గురివీ.

"నాగభూషణానికి,

ఎదుటివాడి జవాబు పూర్తయ్యేదాకా ఆగలేనివాడికి అతని కథ చెప్పే హక్కు లేదు.

తీసిన బొమ్మలన్నీ పట్టుకురా. ఎండ, దుంగ, మౌనం అన్నీ ఉండాలి. కత్తెర మధ్యలో పెట్టుకుని నలుగురం గుండ్రంగా కూర్చుందాం. నీకూ చోటుంది, నాలుగింట ఒక వంతు. వస్తావో రావో, ఏరువాక పున్నమి పొద్దుగూకేలోపు జవాబు చెప్పాలి."